తెంచితే పుట్టే నిప్పురవ్వ

డ్రైవరు తాళంచెవి తిప్పగానే కారు ఇంజను గుర్రుమని లేవడం మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఆ క్షణంలో ఇంజను లోపల ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? కట్టెలపొయ్యి ముట్టించాలంటే అగ్గిపుల్ల కావాలి. గ్యాసుపొయ్యికి లైటరు కావాలి. మరి అన్ని వైపులా లోహంతో మూసేసిన ఇంజను లోపల పెట్రోలును ముట్టిస్తున్నది ఎవరు? అదీ ఒకసారి కాదు, సెకనుకు వందసార్లు!

ఈ ప్రశ్న నాకు మొదటిసారి కలిగింది 1985 వానాకాలంలో. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఒక అర్ధరాత్రి మా నాయనమ్మకు ఆయాసం ఎక్కువైంది. రంపచోడవరంలో ఒక అద్దెకారు మాట్లాడుకుని రాజమండ్రి ఆసుపత్రికి బయలుదేరాం. గోకవరం దాటాక, జోరువానలో, కారు రెండుమూడుసార్లు దగ్గినట్టు కుదిపి ఆగిపోయింది. చుట్టూ చీకటి. వెనక సీటులో నాయనమ్మ ఊపిరి కోసం కొట్టుకుంటున్న చప్పుడు. డ్రైవరు దిగి బానెట్ ఎత్తి, నా చేతికి టార్చిలైటు ఇచ్చాడు. ఒక నల్లని మూత తీసి లోపలికి చూసి, "పాయింట్లు మాడిపోయాయి బాబూ" అన్నాడు. గోరంత కూడా లేని రెండు లోహపు బొడిపెలను ఉప్పుకాగితంతో రుద్దాడు. చొక్కా జేబులోంచి పోస్టుకార్డు తీసి, వాటి నడుమ దూర్చి సందు సరిచూశాడు. ఇరవై నిమిషాల తరువాత ఇంజను లేచింది. మేము సమయానికే చేరుకున్నాం. నాయనమ్మ కోలుకుంది. కాని ఆ ఇరవై నిమిషాలు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇప్పటి కార్లలో ఆ పాయింట్లు లేవు. అందుచేత పాయింట్లు మాడి కారు దారిలో ఆగిపోయే ప్రమాదమూ లేదు. వాటి స్థానంలోకి వచ్చినదే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం.

ఇంజనుకు రవ్వ ఎందుకు?

పెట్రోలు ఇంజనులో సిలిండరు అనే గొట్టం, అందులో పైకీ కిందికీ కదిలే పిస్టను ఉంటాయి. పిస్టను కిందికి దిగుతూ గాలినీ పెట్రోలు ఆవిరినీ లోపలికి పీల్చుకుంటుంది. పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని ఎనిమిదో వంతుకో పదో వంతుకో కుదిస్తుంది. అప్పుడు రవ్వ పడుతుంది. మిశ్రమం మండి, వేడెక్కిన వాయువులు వ్యాకోచించి పిస్టనును బలంగా కిందికి తోస్తాయి. మళ్ళీ పైకి వస్తూ పిస్టను పొగను బయటకు నెడుతుంది. ఈ నాలుగు కదలికల పద్ధతిలో పనిచేసే ఇంజనును 1876లో జర్మనీలో నికోలస్ ఆటో విజయవంతంగా నడిపించాడు. నాలుగింటిలో శక్తినిచ్చే కదలిక ఒక్కటే. ఆ ఒక్కటీ రవ్వ మీద ఆధారపడి ఉంది.

రవ్వను పుట్టించేది స్పార్క్ ప్లగ్గు. దాని కొనలో రెండు లోహపు ముక్కల మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు ఉంటుంది. గాలి విద్యుత్తును సులభంగా పోనివ్వదు. పైగా కుదించిన గాలి మరింత మొండిది. ఆ చిన్న సందును దాటాలంటే విద్యుత్తుకు పదివేల నుంచి ఇరవైవేల వోల్టుల దాకా, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ కూడా కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేదేమో 12 వోల్టులు! ఈ 12ను వేలల్లోకి మార్చేది ఎలా?

మీరే చేసి చూడండి

దీనికి జవాబు మీ చేతులతోనే కనుక్కోవచ్చు. పొడవైన ఇనుప మేకు తీసుకుని, దాని మీద ఎనామిల్ పూసిన సన్నని రాగితీగను ఒకే దిశలో రెండువందల చుట్లు చుట్టండి. తీగ కొసలను ఉప్పుకాగితంతో గీకి మెరిసేలా చేయండి. ఇప్పుడు ఒక ఎర్ర ఎల్.ఇ.డి. బల్బు కొనండి, రెండుమూడు రూపాయలకు దొరుకుతుంది. దాని రెండు కాళ్ళనూ తీగచుట్ట రెండు కొసలకూ కలపండి. పొడవైన కాలు ఉన్న కొస టార్చిసెల్లు ఋణధ్రువానికి చేరాలి. రెండో కొసను ధనధ్రువానికి తాకించండి. బల్బు వెలగదు. ఎలా వెలుగుతుంది? దానిని తలకిందులుగా కలిపాం. పైగా ఎర్ర ఎల్.ఇ.డి.కి ఒకటిన్నర వోల్టు చాలదు కూడా.

ఇప్పుడు గది చీకటి చేసి, తాకించిన కొసను ఠక్కున లాగేయండి. అరే! బల్బు ఒక్కసారి తళుక్కుమంది. సెల్లు కలిపినప్పుడు వెలగని దీపం, సెల్లును తెంచినప్పుడు వెలిగింది! (తీగను సెల్లుకు ఎక్కువసేపు తాకించి ఉంచకండి, వేడెక్కుతుంది. ఒక్క టార్చిసెల్లుతోనే చేయండి. గోడలోని కరెంటు జోలికి అసలు పోవద్దు.)

ఏం జరిగింది? తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తున్నంతసేపూ మేకు చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంది. సెల్లు శక్తిలో కొంత ఆ క్షేత్రంలో దాగి ఉంది. ప్రవాహాన్ని తెంచగానే క్షేత్రం మాయమైపోవాలి. మారుతున్న అయస్కాంత క్షేత్రం తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. క్షేత్రం ఎంత త్వరగా మారితే పుట్టే వోల్టేజి అంత ఎక్కువ. కిక్కిరిసిన బస్సు మెల్లగా ఆగితే మీరు నిలబడే ఉంటారు. డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే ముందువాళ్ళ మీద పడతారు. తీగచుట్టలోని విద్యుత్తు కూడా అంతే. హఠాత్తుగా ఆపబోతే ఊరుకోదు, ముందుకు దూకుతుంది.

చీకట్లో ఫ్యాను స్విచ్చి ఆపుతున్నప్పుడు లోపల చిన్న మెరుపు కనబడటం మీరు గమనించే ఉంటారు. చోకు, స్టార్టరు ఉన్న పాత రకం ట్యూబులైటు టపటపమని కొట్టుకుని వెలగడంలోనూ ఇదే కిటుకు ఉంది. స్టార్టరు తెగిన క్షణంలో చోకు ఇచ్చే దెబ్బకే ట్యూబు వెలుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి: రవ్వ పుట్టేది కలిపినప్పుడు కాదు, తెంచినప్పుడు. తెంపు ఎంత చురుకుగా ఉంటే రవ్వ అంత బలంగా ఉంటుంది.

ఒక బడిపంతులు ఉపాయం

ఈ సూత్రాన్ని కారులో చక్కగా అమర్చినవాడు అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్. ఆయన ఇంజనీరు కాకముందు కొంతకాలం పల్లెటూరి బడిలో పంతులుగా పనిచేసినవాడే! ఆయన రూపొందించిన పద్ధతి 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్లలోకి వచ్చింది. తరువాత దశాబ్దాల పాటు ప్రపంచంలోని పెట్రోలు కార్లలో ఎక్కువభాగం ఆ పద్ధతిలోనే నడిచాయి.

ఆ పద్ధతిలో ఇగ్నిషన్ కాయిల్ ముఖ్యమైనది. ఇనుప పట్టీల మీద రెండు తీగచుట్టలు ఉంటాయి. ప్రాథమిక చుట్టలో లావు తీగ, కొన్ని వందల చుట్లు. గౌణ చుట్టలో వెంట్రుకలాంటి సన్న తీగ, దానికి సుమారు వందరెట్లు చుట్లు. బ్యాటరీ నుంచి ప్రాథమిక చుట్టలోకి మూడు నాలుగు ఆంపియర్ల విద్యుత్తు పోతుంది. దానిని ఒక్కసారిగా తెంచాలి.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. "మాస్టారూ, 12 వోల్టులను వందతో గుణిస్తే 1,200 మాత్రమే కదా! ఇరవైవేలు ఎలా వస్తాయి?" మంచి ప్రశ్నే. అసలు కిటుకు ఇదే. తెంచిన క్షణంలో ప్రాథమిక చుట్టలో ఉండేది 12 వోల్టులు కాదు. హఠాత్తుగా ఆగిన ప్రవాహం దూకుడు వల్ల అక్కడే రెండుమూడు వందల వోల్టులు పుడతాయి. వాటిని వందరెట్లు చేస్తే ఇరవై ముప్పైవేలు! ఆ వోల్టేజి స్పార్క్ ప్లగ్గు సందును దూకి రవ్వ అవుతుంది.

మరి తెంచేది ఎవరు? మా డ్రైవరు ఉప్పుకాగితంతో రుద్దిన ఆ రెండు బొడిపెలే! వాటినే మెకానిక్కులు పాయింట్లు అంటారు. ఇంజనుతోపాటు తిరిగే ఒక ఇరుసు మీద నాలుగు మూలలున్న కామ్ ఉంటుంది. ఒక్కో మూల వచ్చినప్పుడల్లా అది పాయింట్లను ఎడంగా నెడుతుంది. ప్రవాహం తెగుతుంది, రవ్వ పడుతుంది. ఆ సందు ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు కూడా ఉండదు. అదే ఇరుసు కొనన తిరిగే రోటర్, ఏ సిలిండరు వంతు వస్తే ఆ ప్లగ్గుకు అధిక వోల్టేజిని పంచుతుంది. ఈ పంపకం పెట్టె పేరు డిస్ట్రిబ్యూటర్. ఆ రాత్రి డ్రైవరు తీసిన నల్లని మూత దానిదే.

పాయింట్ల కష్టాలు

పాయింట్లు విడిపోతున్నప్పుడు వాటి మధ్యనే ఒక దొంగరవ్వ పుడుతుంది. ప్లగ్గు దగ్గర మెరవవలసిన శక్తిలో కొంత ఇక్కడ వృథా అవుతుంది. దీనిని తగ్గించడానికి పక్కన ఒక కండెన్సరు పెడతారు. పాయింట్లు విడివడే క్షణంలో విద్యుత్తు సందు మీదుగా దూకకుండా కండెన్సరులోకి మళ్ళుతుంది. అయినా దొంగరవ్వ పూర్తిగా పోదు. టంగ్‌స్టన్ లోహంతో చేసిన పాయింట్లయినా సరే, కొంతకాలానికి ఒకదానిమీద గుంట, రెండోదానిమీద గడ్డ ఏర్పడతాయి. కామ్‌ను రాసుకునే ముక్క అరిగి సందు తగ్గిపోతుంది. సందు తగ్గితే రవ్వ పడే సమయం కూడా మారిపోతుంది.

ఇక వేగం సంగతి లెక్క కట్టండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. ప్రతి సిలిండరుకూ రెండు చుట్లకొక రవ్వ కావాలి. అంటే చుట్టుకు మొత్తం రెండు రవ్వలు. నిమిషానికి 12,000. సెకనుకు 200! రవ్వకూ రవ్వకూ మధ్య వ్యవధి సెకనులో వెయ్యో వంతులు ఐదు మాత్రమే. ఆ వ్యవధిలో పాయింట్లు కలిసి ఉండేది మూడింట రెండువంతులు. ప్రవాహం ఆగడానికి మొరాయించినట్టే మొదలవడానికీ మొరాయిస్తుంది కదా! అంత కొద్దిసేపట్లో కాయిల్ నిండదు. అందుచేత వేగం పెరిగినకొద్దీ రవ్వ బలహీనమవుతుంది. ప్రవాహాన్ని పెంచుదామంటే పాయింట్లు ఇంకా త్వరగా మాడతాయి. ఇదీ చిక్కు.

కదలకుండా తెంచే స్విచ్చి

ఈ చిక్కుకు విరుగుడు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. అదే ట్రాన్సిస్టర్. జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్, విలియం షాక్‌లీ ఈ పరిశోధనకు 1956లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ట్రాన్సిస్టర్ అర్ధవాహక పదార్థంతో చేసిన స్విచ్చి. దీనికి మూడు కాళ్ళు. ఒక కాలికి చిన్న సంకేతం ఇస్తే మిగిలిన రెండింటి మధ్య పెద్ద ప్రవాహం సాగుతుంది. సంకేతం ఆపితే ప్రవాహం ఆగుతుంది. కాలువ గట్టున ఒక చేత్తో లాకు చక్రం తిప్పితే కాలువ నీరంతా ఆగినట్టన్నమాట.

ఇందులో కదిలే భాగం లేదు. విడిపోయే బొడిపెలు లేవు. దొంగరవ్వ లేదు. అరుగుదల లేదు. తెంపు మహా చురుకు. ఇక ఏడెనిమిది ఆంపియర్ల ప్రవాహాన్నైనా భయం లేకుండా కాయిల్‌లోకి పంపవచ్చు. దాంతో ముప్పై నలభైవేల వోల్టులు సులభంగా వస్తాయి. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1973 నమూనాల నాటికి తన కార్లన్నిటిలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. క్రమంగా మిగిలిన సంస్థలూ అదే దారి పట్టాయి.

కాని ట్రాన్సిస్టర్‌కు "ఇప్పుడు తెంచు" అని చెప్పేది ఎవరు? ఇంజను ఇరుసు మీద పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. దాని పక్కన, తాకకుండా, అయస్కాంతానికి తీగ చుట్టిన ఒక చిన్న గ్రాహకం ఉంటుంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా అయస్కాంత క్షేత్రం మారి, తీగలో చిన్న విద్యుత్తు పుడుతుంది. ఇదీ ఫారడే సూత్రమే! కొన్ని కార్లలో దీనికి బదులు హాల్ గ్రాహకం వాడతారు. 1879లో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి కనిపెట్టిన ధర్మం దానికి ఆధారం.

చాలా కార్లలో ఈ చక్రానికి 60 పళ్ళు ఉండవలసిన చోట 58 మాత్రమే ఉంటాయి. రెండు పళ్ళు కావాలనే తీసేశారు. ఎందుకో ఊహించగలరా? అన్ని పళ్ళూ ఒకేలా ఉంటే చక్రం ఎక్కడ మొదలైందో తెలియదు. ఖాళీ వచ్చినప్పుడల్లా "ఇది మొదలు" అని గుర్తు. అక్కడినుంచి ఒక్కో పన్నుకు ఆరేసి డిగ్రీలు లెక్కపెట్టుకోవడమే. జపమాలలో మేరుపూస చేసే పని లాంటిదే ఇది.

ఎప్పుడు ముట్టించాలి?

రవ్వ బలంగా ఉంటే చాలదు, వేళకు పడాలి. మంట సిలిండరంతా పాకడానికి సుమారు సెకనులో వెయ్యో వంతులు రెండు పడుతుందనుకుందాం. నిమిషానికి 1,000 చుట్ల వేగంలో ఆ లోగా ఇరుసు 12 డిగ్రీలు తిరుగుతుంది. 3,000 చుట్ల వేగంలో 36 డిగ్రీలు తిరుగుతుంది. అందుచేత పిస్టను పైకి చేరకముందే రవ్వ వేయాలి. వేగం పెరిగినకొద్దీ ఇంకా ముందుగా వేయాలి. (వేగం పెరిగితే లోపలి గాలి సుడులు తిరిగి మంట కూడా త్వరగా పాకుతుంది. కనుక తేడా ఈ లెక్కలో ఉన్నంత ఉండదు. అయినా ముందుకు జరపక తప్పదు.) మరీ ముందుగా పడితే పైకి వస్తున్న పిస్టనుకు మంట ఎదురుతిరుగుతుంది. ఆలస్యమైతే శక్తి వేడి పొగగా వృథా పోతుంది.

పాత కార్లలో ఈ సర్దుబాటును స్ప్రింగులు కట్టిన రెండు చిన్న బరువులు చేసేవి. ఇప్పుడు చిన్న కంప్యూటరు చేస్తుంది. జర్మనీలోని బాష్ సంస్థ 1979లోనే రవ్వనూ పెట్రోలు పిచికారీనీ ఒకే కంప్యూటరుకు అప్పగించే ఏర్పాటు తెచ్చింది. ఇంజను వేగం, లోపలికి వచ్చే గాలి, నీటి వేడి చూసి, ప్రతి రవ్వకూ వేళ నిర్ణయిస్తుందది. ఇంజను గోడకు చెవి కూడా ఉంటుంది! మిశ్రమం అదుపుతప్పి మండి టకటకమనే చప్పుడు వస్తే, నాక్ గ్రాహకం దానిని పసిగడుతుంది. వెంటనే కంప్యూటరు రవ్వను కొద్దిగా వెనక్కి జరుపుతుంది.

ఇప్పటి కార్లలో చాలావాటికి డిస్ట్రిబ్యూటరే లేదు. ప్రతి ప్లగ్గు నెత్తిమీద దానికొక సొంత కాయిల్ ఉంటుంది. అందుచేత 6,000 చుట్ల వేగంలో కూడా ఒక్కో కాయిల్‌కు సెకనులో వెయ్యో వంతులు ఐదు కాదు, ఇరవై దొరుకుతాయి. తీరికగా నిండుతుంది.

రవ్వ తప్పితే నష్టం ఎవరికి?

ఒక్క రవ్వ తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. మండని పెట్రోలు ఆవిరి పొగగొట్టంలోంచి బయటకు వస్తుంది. అది మన ఊపిరితిత్తులకు చేటు. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టరులో ఆ పెట్రోలు మండితే, కన్వర్టరే కరిగి పాడవుతుంది. మనదేశంలో 2020 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు బి.ఎస్.-6 అనే కఠినమైన కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాయి. అరిగిపోయే పాయింట్లతో అలాంటి నియమాలను నెరవేర్చడం అసాధ్యం.

ఒక హెచ్చరిక. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు తీగలను గాని కాయిల్‌ను గాని ఎప్పుడూ ముట్టుకోకండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చే దెబ్బ ప్రాణాపాయం కావచ్చు.

విద్యుత్తు కార్లకు స్పార్క్ ప్లగ్గులతో పనిలేదు. కాని వాటి మోటారును నడిపేదీ, సెకనుకు వేలసార్లు ప్రవాహాన్ని కలిపి తెంచే ట్రాన్సిస్టర్లే. రవ్వ పోయినా, తెంచే నేర్పు పోలేదు.

మా డ్రైవరుకు ఫారడే పేరు తెలియదు. కాని పోస్టుకార్డు మందం సందులో ఒక ప్రాణం ఉందని తెలుసు. ఎందుకో తెలుసుకోవడం మన వంతు.

ఇక మీకొక ప్రశ్న. లారీలు, ట్రాక్టర్లు నడిచే డీజిలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గే ఉండదు. మరి అందులో ఇంధనం ఎలా అంటుకుంటుంది? సైకిలు పంపుతో గాలి కొట్టిన తరువాత పంపు అడుగుభాగాన్ని ముట్టుకుని చూసి, జవాబు ఆలోచించండి.